నాలుగు పేటలా, ఆరు పేటలా?

మీ తమ్ముడికి వేలి టెండన్ (కండని ఎముకకి కట్టే తాడు) తెగిందనీ, డాక్టరు గారు నాలుగు పేటల దారంతో కుట్టు వేస్తానన్నారనీ, ఆరు పేటలు వేసేచోటికి తీసుకెళ్ళాలా అనీ అడిగారు. అక్కర్లేదండి. నాకు వేసింది నాలుగే.

మాది అంబాజీపేట దగ్గర పల్లె. భోగి నాడు బొండాలు కొడుతుంటే కత్తి చేజారింది. పోనీలే అని వదిలెయ్యక ఎడమ చేత్తో పట్టుకోబోయాను. ఉంగరం వేలు మొదట్లో, అరచేతి వైపు తెగింది. దగ్గర్లోని ఆసుపత్రిలో పైతోలుకి కుట్లు వేసి, టీటీ ఇంజెక్షన్ చేసి పంపేశారు. "నరం తెగలేదులెండి" అన్నారు. మన వైపు రక్తనాళమూ నరమే, టెండనూ నరమే. ఏ నరమని అడగాలని నాకు తోచలేదు. వేలు మడిచి చూపించమని వాళ్ళూ అడగలేదు. నడిమి కణుపు ముడుచుకుంటూనే ఉంది మరి, దాని టెండన్ వేరు. పదోరోజు కుట్లు విప్పాక చూస్తే చివరి కణుపు పుల్లలా నిలబడిపోయింది.

కాకినాడలో ఆపరేషన్ చేశారు. అప్పటికి తెగిన కొస అరచేతిలోకి జారిపోయింది, గాటు పెంచి వెతకాల్సి వచ్చింది. మత్తు చేతికి మాత్రమే. కుట్టడం అయ్యాక "ఏదీ, మడవండి" అన్నారు. తెర పక్కనుంచి తొంగి చూశాను. కొబ్బరి మొవ్వలా తెల్లగా మెరుస్తున్న టెండన్ లోపలికి సర్రున జారింది, వేలు ముడుచుకుంది. చాచమన్నారు. ఎక్కడా పట్టెయ్యలేదు. అప్పుడే తోలు మూశారు.

పీచు తాడు పేనే ఊరివాళ్ళం, పేటలు పెరిగితే బలం పెరుగుతుందని మాకొకరు చెప్పాలా! 1973లో కెస్లర్ అనే సర్జన్ చెప్పిన కుట్టులో అతుకు దాటేవి రెండే పేటలు. బరువేమీ లేకుండా ఊరికే వేలు మడిచినా మూడున్నర కేజీల దాకా లాగుడు పడొచ్చట. దానికి రెండు చాలీచాలవు. నాలుగు పేటలు, పైన చుట్టూ సన్నదారంతో అంచు కుట్టు ఉంటే తట్టుకుంటుంది. ఆరు ఇంకా గట్టిదే, కాదనను. కానీ టెండన్ నడిచేది ఇరుకు గొట్టంలో. అతుకు లావెక్కితే అందులోనే పట్టేస్తుంది. చెయ్యి తిరిగినవాడి నాలుగు, తిరగనివాడి ఆరు కన్నా నయమని నా లెక్క.

అసలు కుట్టు తెంపేది చుట్టాలండి! మొదటి మూడు వారాలూ అతుకు మహా బలహీనం. అలాగని కదపకపోతే చుట్టూ అతుక్కుపోతుంది. అందుకే ఆరు వారాలు స్ప్లింట్ (చేతికి ఆసరాగా కట్టే బద్ద), నాలుగోరోజు నుంచే మెల్లగా మడిచే వ్యాయామం. ఇది చెప్తే వినేదెవరు? మా అత్తగారు "చెయ్యి కదపకు బాబూ" అని ఏడుపు. పలకరించడానికొచ్చినవాళ్ళు "ఏదీ, గట్టిగా పిడికిలి పట్టు చూద్దాం" అని పోరు. మూడోవారంలో మా పెద్దమావయ్య "బిగుసుకుపోయిందేమో" అంటూ ఆ వేలే పట్టుకుని లాగబోయాడు. నేను పెట్టిన కేకకి దొడ్లో గేదె పలుపుతాడు తెంపుకుంది.

ఇప్పుడు చివరి కణుపు ముప్పాతిక వంతు ముడుచుకుంటుంది. బరువులు ఎత్తడం మూడు నెలలు దాటాకే మొదలెట్టాను.

డాక్టరు గారిని పేటల లెక్క అడక్కండి. ఫిజియో ఎవరు చేయిస్తారు, ఎన్నోరోజు నుంచి, అది అడగండి. అన్నట్టు, మీవాడికి పక్కవేళ్ళు కూడా చూశారా? నడిమి కణుపు కదలకుండా పట్టుకుని, చివరి కణుపు ఒక్కటే మడవమనండి.