ఎన్నారై సందేహాలు: ఆఫీసులో అందరూ చెప్పుకునే విల్క్స్‌బరో రేసు ఏమిటి?

అమెరికాలో నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మనవాళ్లు తరచూ అడుగుతుంటారు: లంచ్ టైములో అందరూ నాస్కార్ (అమెరికాలో పేరున్న కార్ల రేసుల పోటీ) గురించి మాట్లాడుకుంటే మనం ఫోను చూసుకుంటూ కూర్చోవాల్సిందేనా అని. అక్కర్లేదు. ముందు ఆ రేసు జరిగే నార్త్ విల్క్స్‌బరో అనే ఊరి సంగతి తెలుసుకోండి.

ఇంటి సామాన్లకి మీరు వెళ్లే లోస్ షాపు 1921లో పుట్టింది ఆ ఊళ్లోనే. ఇక్కణ్ణుంచి కారులో గంటన్నర. ఒకప్పుడు ఆ విల్క్స్ కౌంటీ కొండల్లో దొంగచాటుగా సారా కాచేవాళ్లు. రాత్రిళ్లు సరుకు వేసుకుని పోలీసులకి చిక్కకుండా పారిపోవాలి కాబట్టి, కుర్రాళ్లు మామూలు కార్ల ఇంజన్లనే విప్పి స్పీడు పెంచుకునేవాళ్లు. నాస్కార్‌లో జరిగే స్టాక్ కార్ రేసింగ్‌కి, అంటే మామూలు కార్ల మోడళ్లతో మొదలైన రేసులకి, మూలాల్లో ఇదొకటి. ఆ కౌంటీ మనిషి జూనియర్ జాన్సన్ 1956లో తండ్రి సారా బట్టీ దగ్గర పట్టుబడి జైలుకెళ్లాడు. అదే మనిషి నాస్కార్‌లో 50 రేసులు గెలిచాడు.

ఈనాక్ స్టేలీ అనే ఆయన నడిపిన అక్కడి ట్రాక్ 1947లో మొదలైంది. ఒక్కో చుట్టు 0.625 మైలు. ఒకవైపు పల్లం, ఇంకోవైపు ఎత్తు. నాస్కార్ మొదటి సీజన్ 1949లో ఇక్కడి రేసుతోనే ముగిసింది. తర్వాతి కాలంలో ఏడాదికి రెండు పెద్ద రేసులు జరిగేవి. సెప్టెంబరు రేసుకి ఆ ప్రాంతపు కోళ్ల కంపెనీ హోలీ ఫార్మ్స్ పేరుండేది. టైసన్ వాళ్లు ఆ కంపెనీని కొన్నాక అది టైసన్ హోలీ ఫార్మ్స్ 400 అయింది. 400 అంటే నాలుగు వందల చుట్లు.

1996 తర్వాత అక్కడ ఆ పెద్ద రేసులు ఆగిపోయాయి. జనం రాకపోవడం వల్ల కాదు, అందుకే అక్కడివాళ్లకి అంత బాధ. 1995లో స్టేలీ చనిపోయాక, టెక్సాస్‌లో కొత్త ట్రాక్ కట్టిస్తున్న బ్రూటన్ స్మిత్ సగం వాటా కొన్నాడు. మిగతా సగం న్యూ హాంప్‌షైర్ ట్రాక్ యజమానికి వెళ్లింది. ఇద్దరికీ కావాల్సింది క్యాలెండర్‌లో ఆ రెండు తేదీలే. చెరొకటీ తమ ట్రాక్‌లకి పట్టుకుపోయారు. 1996 సెప్టెంబరు 29న జెఫ్ గోర్డన్ చివరి 400 గెలిచాడు. నా దృష్టిలో అది ఊరికి జరిగిన అన్యాయమే. మధ్యలో కొన్నాళ్లు తెరిచినా, ట్రాక్ చాలా ఏళ్లు పాడుబడి ఉంది. 2022లో మళ్లీ కార్లు తిరిగాయి, 2023లో నాస్కార్ ఆల్‌స్టార్ రేసు (పేరున్న డ్రైవర్ల ప్రత్యేక పోటీ) వచ్చింది.

మీ టీములో వయసులో పెద్దవాళ్లుంటే, ఆ చివరి రేసు చూశారా అని అడగండి. వాళ్లే కథలు కథలుగా చెబుతారు. రేసుకి రమ్మంటే మొహమాటపడకండి. పిల్లల్ని తీసుకెళ్తే మాత్రం చెవులకి ఇయర్‌మఫ్‌లు ముందే కొనిపెట్టండి, ఆ చప్పుడు వాళ్లు తట్టుకోలేరు.