హ్యాండీక్యాప్ 12కి దిగాలంటే కొత్త సెట్ కొనాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. సెలవు రోజుల్లో గోల్ఫ్ ఆడతాను, హ్యాండీక్యాప్ ఇండెక్స్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, తగ్గేకొద్దీ మేలు) 18.6. కొత్త సీజన్‌కి ఇంకా ఐదు నెలలుంది, మొదలయ్యాక ఏడు నెలలు నడుస్తుంది. ఈసారి 12కి దిగాలని, మా క్లబ్ పోటీలో నెట్ విభాగంలో (స్కోరులోంచి హ్యాండీక్యాప్ తీసేసి చూసేది) మొదటి ముగ్గురిలో ఉండాలని ఆశ. అసలు అంకెలు చెప్పడానికి మొహమాటంగా ఉంది, నా నెల జీతం 100 అనుకోండి. ఇంటి ఖర్చులు 62, దీర్ఘకాల పొదుపు 10. మిగతా 28లో గోల్ఫ్‌కి ఎంత పోతోందో నిజంగా నాకే తెలీదు. అత్యవసర నిధి 60 ఉంది. క్రెడిట్ కార్డు మీద బాకీ 40, ఇది మా ఆవిడకి తెలీదు. నేను అనుకుంటున్నవి: కొత్త ఫుల్ సెట్ 150, పెద్ద క్లబ్‌లో ఏడాది సభ్యత్వం 180, వారానికో కోచింగ్ క్లాసు (ఒక్కోటి 1.5), సీజన్ మధ్యలో స్నేహితులతో గోల్ఫ్ టూర్ 90. సెట్ వాయిదాల్లో తీసుకుని, పోటీల్లో వచ్చే బహుమతులతో కొంత రాబట్టుకోవచ్చా? పోయిన సీజన్‌లో 14 రౌండ్లు ఆడాను, రౌండుకి నాలుగు బంతులైనా పోతాయి.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే మాట చివర్లో ఏదో నవ్వుకుంటూ రాసినట్టుంది, రౌండుకి నాలుగు బంతులు పోతాయని. దాని దగ్గరకి వస్తాను. ముందు బహుమతుల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఆ ఆశ మీదే మిగతా లెక్కంతా కట్టారు.

రాదు. గోల్ఫ్ నిబంధనలు రాసే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ కలిసి 2022లో మార్చిన అమెచ్యూర్ (వృత్తిగా కాకుండా ఆడేవాళ్ల) నిబంధనల ప్రకారం నగదు బహుమతి తీసుకోవడానికి వీలున్నది స్క్రాచ్ పోటీల్లోనే, అంటే హ్యాండీక్యాప్ తీసేయకుండా అసలు స్కోరు మీద గెలిచే పోటీల్లో, అదీ 1000 అమెరికన్ డాలర్ల పరిమితి లోపు. మీరు కన్నేసింది నెట్ విభాగం మీద. అక్కడ గెలిస్తే కప్పో, వస్తువో, షాపు వోచరో వస్తుంది, డబ్బు రాదు. ఇక స్క్రాచ్ విభాగంలో 18.6తో గెలవడం గురించి మనిద్దరం మాట్లాడుకోకపోవడమే మంచిది. కాబట్టి గోల్ఫ్‌ని ఆదాయం గడిలోంచి తీసేసి పూర్తిగా ఖర్చు గడిలో పెట్టండి. సినిమాలకి పెట్టే డబ్బు తిరిగొస్తుందని ఎవరూ అనుకోరు కదా, ఇదీ అంతే.

ఇప్పుడు 12 గురించి. 2020లో వచ్చిన వరల్డ్ హ్యాండీక్యాప్ సిస్టమ్‌లో మీ ఇండెక్స్ అంటే చివరి 20 రౌండ్లలో బాగా ఆడిన ఎనిమిదింటి సగటు. ఒక్కో రౌండ్‌కీ మీ స్కోరులోంచి కోర్స్ రేటింగ్ (హ్యాండీక్యాప్ సున్నా ఉన్న ఆటగాడు అక్కడ కొట్టాల్సిన స్కోరు) తీసేసి, వచ్చినదాన్ని 113తో గుణించి, మామూలు ఆటగాడికి ఎంత కష్టమో చెప్పే ఆ కోర్స్ స్లోప్‌తో భాగిస్తారు. ఉదాహరణకి రేటింగ్ 71.4, స్లోప్ 128 ఉన్న కోర్స్‌లో 92 కొడితే 18.2 వస్తుంది. అదే కోర్స్‌లో 12.0 రావాలంటే 85 కొట్టాలి. ఏడు స్ట్రోకులు తగ్గాలన్నమాట, అదీ ఒక్కసారి అదృష్టం కలిసొచ్చిన రోజున కాదు, 20 రౌండ్లలో ఎనిమిది సార్లు ఆ చుట్టుపక్కల ఆడాలి.

డబ్బు లెక్కలు చూసే మనిషిగా నాకు ఇక్కడ కనిపించేది రౌండ్ల సంఖ్య. ఈసారి కూడా 14 రౌండ్లే ఆడితే సీజన్ అయిపోయేసరికి కూడా మీ 20లో ఆరు పాతవే ఉంటాయి, అంటే మీరు ఎంత మెరుగైనా ఆ ఎనిమిదిని వెతుక్కోవడానికి చేతిలో ఉన్నవి 14 రౌండ్లే. 24 ఆడితే పాతవన్నీ పోతాయి. అంటే మీ లక్ష్యానికి మొట్టమొదటి ఖర్చు సెట్ కాదు, సభ్యత్వమూ కాదు, మరో పది రౌండ్ల ఫీజు. మీరు రాసిన కోరికల జాబితాలో అదొక్కటే లేదు! నన్నడిగితే ఈ సీజన్‌కి 15 పెట్టుకోండి (పై కోర్స్‌లో 88 కొట్టడం), 12ని వచ్చే ఏడాదికి ఉంచండి. ఆరున్నర పాయింట్లు ఒకే సీజన్‌లో, వారానికి రెండు రోజులు మాత్రమే తీరికున్న మనిషికి, చాలా ఎక్కువ.

సరే, బంతులు. బంతి అడవిలో పోతే మూడు నిమిషాలు వెతకడానికి టైం ఇస్తారు, దొరక్కపోతే ఒక స్ట్రోకు పెనాల్టీ కట్టి, మళ్లీ మొదట కొట్టిన చోటుకే వెళ్లి కొట్టాలి. ఒక స్ట్రోకు అని పేరే గానీ, నిజానికి దాదాపు రెండు. నీళ్లలో పడితే కొంచెం నయం. మీవి నాలుగు పోతున్నాయంటే, కొన్ని నీళ్లలో కొన్ని చెట్లలో అనుకున్నా, ఐదారు స్ట్రోకులు అక్కడే పోతున్నాయి. మీరు తగ్గించాలనుకుంటున్నది ఏడు. ఒకే పొదలోకి మీ బంతీ, బంతి డబ్బూ, స్ట్రోకూ మూడూ పోతున్నాయి, అందుకే ముందు అక్కడే పట్టుకోమంటున్నాను. హ్యాండీక్యాప్ లెక్కలో ఒక్కో హోల్‌కి నెట్ డబుల్ బోగీ (ఆ హోల్‌కి పెట్టిన స్ట్రోకుల కన్నా రెండు ఎక్కువ, దానికి మీ హ్యాండీక్యాప్ వల్ల అక్కడ వచ్చే స్ట్రోకులు కలిపి) దాకానే పరిమితి ఉంటుంది కాబట్టి మరీ ఘోరమైన హోల్స్ కొంత కొట్టుకుపోతాయనుకోండి, కానీ నెట్ విభాగం స్ట్రోక్‌ప్లే అయితే కార్డు మీద పడ్డ ప్రతి స్ట్రోకూ లెక్కే.

చాలామంది పటింగ్ (దగ్గర నుంచి బంతిని గుంటలోకి నెట్టడం) మీద పడతారు. తప్పని అనను, కానీ పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్ ఆటగాళ్లే ఎనిమిది అడుగుల నుంచి సగం సార్లే లోపల వేస్తారు, మరి మీరు అదే దూరం నుంచి మిస్ అయ్యి రాత్రంతా బాధపడటంలో అర్థం లేదు. కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ షాట్ల లెక్కలు తీసి చూపించింది కూడా ఇదే, ఆటగాళ్ల మధ్య తేడా ఎక్కువగా వచ్చేది దూరపు షాట్లలో, పటింగ్‌లో మనం అనుకున్నంత కాదు. మీ కేసులో అది టీ షాట్ (హోల్ మొదట్లో కొట్టేది) అని మీ ఖాళీ బంతుల డబ్బాలే చెబుతున్నాయి.

అయితే కొత్త డ్రైవర్ (టీ షాట్‌కి వాడే పెద్ద తల క్లబ్) కొంటే సరి కదా అంటారు. నేనూ ఒకప్పుడు అన్నాను. కొత్త డ్రైవర్, తల మీద ప్లాస్టిక్ కవర్ కూడా పూర్తిగా ఊడలేదు, మొదటి టీ మీద నిలబడి కొట్టాను. బంతి కుడివైపుకి ఎంత అందంగా వంగిందంటే, పాత డ్రైవర్‌తో ఏ చెట్ల గుంపులోకి వెళ్లేదో సరిగ్గా అదే గుంపులోకి, ఇంకో ఇరవై గజాలు లోతుగా వెళ్లింది. నిబంధనల ప్రకారం డ్రైవర్ తల 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదు, ముఖం స్ప్రింగులా తన్నడానికీ ఒక హద్దుంది. మంచి కంపెనీలు ఎప్పుడో ఆ హద్దు దాకా వచ్చేశాయి కాబట్టి మూడు నాలుగేళ్ల పాత మోడల్‌కీ కొత్తదానికీ మధ్య ధరలో ఉన్నంత తేడా ఆటలో ఉండదు. పైగా బ్యాగులో 14 క్లబ్బులకి మించి పెట్టుకోకూడదు, వాటిలో మీరు నిజంగా నమ్మి బయటికి తీసేవి ఎన్నో ఒకసారి లెక్కపెట్టుకోండి. మీకు కావలసింది ఒక ఫిట్టింగ్ (క్లబ్బుల్ని మీ ఒంటికి, స్వింగ్‌కి సరిచేయడం), అరిగిన గ్రిప్పులు మార్చడం, గాట్లు అరిగిపోయిన వెడ్జ్ (దగ్గర షాట్లకి వాడే క్లబ్) స్థానంలో ఇంకోటి. మీ లెక్కలో దీనికి 20 పెడుతున్నాను, 150 కాదు.

వాయిదాల మాట. వడ్డీ లేని వాయిదా అని రాసినా, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని అడగండి, ఆ తగ్గింపే మీరు కట్టే వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ కలపండి. ఇక కార్డు మీద 40 బాకీ మోస్తున్నారు, చాలా కార్డుల్లో పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకినదానికి వడ్డీ లేని గడువు కూడా పోతుంది. అంటే ఇప్పుడు కొనే ప్రతి గ్లోవ్, ప్రతి బంతి మొదటి రోజు నుంచే వడ్డీ మీద నడుస్తుండొచ్చు. ఆ బంతి అడవిలో పోయాక కూడా వడ్డీ కడుతూనే ఉంటారు. (ఇది రాస్తుంటే నాకే నవ్వొచ్చింది, కానీ మీ స్టేట్‌మెంట్ తీసి చూడండి.)

ఇలా చేద్దాం. సీజన్ మొదలయ్యేలోపు ఐదు నెలలు, నెలకి 28లో 6 మాత్రం గోల్ఫ్‌కి: రెండు క్లాసులు, మిగతాది ప్రాక్టీసు బంతులకి. స్వింగ్‌లో మార్పు ఒంటికి పట్టడానికి టైం పడుతుంది, కాబట్టి క్లాసులు సీజన్ మధ్యలో కన్నా ఇప్పుడే తీసుకోవడం మేలు, వారం వారం కాకుండా రెండు వారాలకోసారి, మధ్యలో చెప్పింది సాధన చేసుకుంటూ. ప్యాకేజీ ఒకేసారి కొనకండి. నేనొకసారి పది క్లాసుల ప్యాకేజీ కొని నాలుగు వాడుకున్నాను, గడువు దాటిందని మిగతా ఆరూ పోయాయి, ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. మిగిలిన 22 మొదటి రెండు నెలలు పూర్తిగా కార్డుకి పోతుంది, వడ్డీతో సహా తీరుతుంది. తర్వాత మూడు నెలల్లో చేతికి వచ్చే 66లో 30 అత్యవసర నిధికి, 36 సీజన్ ఖాతాకి. ఈ సీజన్ ఖాతా వేరే ఉండాలి, జీతం పడే ఖాతాలో కలిసిపోతే మళ్లీ ఎక్కడికి పోయిందో తెలీదంటారు. కొన్ని నెలల్లో ఖర్చయ్యే డబ్బు కాబట్టి షేర్లలో పెట్టే ఆలోచన వద్దు, మామూలు సేవింగ్స్ చాలు. ఆ 10 దీర్ఘకాల పొదుపుని మాత్రం ఏ టోర్నమెంట్ వచ్చినా ముట్టుకోకండి.

సీజన్ ఏడు నెలల్లో 28లో 8 అత్యవసర నిధికి, 20 గోల్ఫ్‌కి. అలా 140, ముందు దాచిన 36, మొత్తం 176. ఒక రౌండు ఫీజు 4 అనుకుని (మీ కోర్స్‌లో ఎంతో చూసి సరిచేసుకోండి) 24 రౌండ్లకి 96. ఫిట్టింగ్, వెడ్జ్, గ్రిప్పులు 20. ప్రాక్టీసు నెలకి 2 చొప్పున 14. నాలుగు పోటీల ప్రవేశ రుసుము ఒక్కోదానికి 3 అనుకుంటే 12. మధ్యలో ఆరు క్లాసులు 9. మిగిలిన 25 బంతులకీ, గ్లోవులకీ, వాన పడి రద్దయిన రౌండుకీ. బంతుల్లో అన్నిటికంటే ఖరీదైనది ఇప్పుడే వద్దు, నాలుగు పోయేవాళ్లకి మధ్య రకం చాలు, కానీ రౌండు రౌండుకీ మార్చకుండా ఒకే రకం వాడండి.

సభ్యత్వం 180 అన్నారు, రౌండు ఫీజు 4 అయితే 45 రౌండ్లు ఆడితేనే డబ్బులు వస్తాయి. 14 ఆడే మనిషికి 45 అంటే ఇంట్లో వాళ్ల మొహం చూడాల్సిందే. మీకు హ్యాండీక్యాప్ ఇస్తున్న ఇప్పటి క్లబ్ సభ్యత్వం ఎలాగూ ఉంది, పోటీ కూడా అక్కడిదే. కొత్త క్లబ్‌లో ప్రవేశ రుసుము తిరిగి ఇస్తారా, నెలకి కనీసం ఇంత ఖర్చు చేయాలన్న షరతు ఉందా, రద్దీ లేని రోజులకి మాత్రం తక్కువ సభ్యత్వం ఉందా అని అడిగి రాసిపెట్టుకోండి, ఈ ఏడాది అంతవరకే. టూర్ ఈసారి వద్దు, స్నేహితులకి ఇప్పుడే చెప్పేయండి, చివరి నిమిషంలో చెబితే వాళ్ల బుకింగులు కూడా దెబ్బతింటాయి.

అత్యవసర నిధి సీజన్ చివరికి 146 అవుతుంది. మూడు నెలల ఖర్చుకి 186 కావాలి, ఇంకా 40 తక్కువే. ఉద్యోగం మీద ఏమాత్రం అనుమానం ఉన్నా గోల్ఫ్ 20లోంచి 5 అటు తిప్పండి, నాలుగైదు రౌండ్లు తగ్గించుకుని, మిగతాది బంతుల డబ్బులోంచి తీయండి.

మీ ఆవిడకి కార్డు సంగతి ఈ వారమే చెప్పండి. రెండు నెలల్లో తీరిపోయే బాకీ అది, పక్కన పై లెక్క పెట్టి చూపిస్తే ఎంతో కొంత తిట్టి ఊరుకుంటారు. దాచి, మధ్యలో కొత్త సెట్ ఇంటికొస్తే మాత్రం నేను బాధ్యుణ్ణి కాను.

సెట్ గురించి సీజన్‌లో పదో రౌండు అయ్యాక మళ్లీ రాయండి, ఆ పది స్కోర్‌కార్డుల మీదా ఎన్ని బంతులు పోయాయో పెన్సిల్‌తో పక్కన వేసి.