ఆవకాయ పంపొచ్చు, సెంటు స్ప్రే కుదరదు

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. ఆవకాయ, సెంటు స్ప్రే, పూజ సామాను, మనవడికి వెండి గ్లాసు అన్నీ ఒకే డబ్బాలో పెట్టి స్పీడ్ పోస్టు చేయబోతే కౌంటర్లో వెనక్కి ఇచ్చేశారు. "బట్టలున్నాయని రాసేయండి, ఎవరు చూడొచ్చారు" అంటున్నారు పక్కింటివాళ్లు. అలా పంపితే ఇబ్బందా? దారిలో పోతే పరిహారం వస్తుందా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, బట్టలని మాత్రం రాయకండి. మీరడిగిన రెండు ప్రశ్నలూ చివరికి లోపల ఏముందో రాసిచ్చే ఆ కాగితం దగ్గరికే వస్తాయి.

ముందు సెంటు సంగతి. స్పీడ్ పోస్టు సంచులు విమానంలోనూ వెళ్తాయి. సెంటులో ఉండేది ఆల్కహాల్, స్ప్రే డబ్బాలో ఒత్తిడితో నింపిన గ్యాసు. రెండూ ఇట్టే అంటుకునేవే. మీ పూజ సామానులో కర్పూరం, అగ్గిపెట్టె ఉంటే అవి కూడా తీసేయండి. చాలామందికి తట్టదు గానీ, రవాణా నియమాల్లో కర్పూరం మండే పదార్థమే. పవర్ బ్యాంకు, గోళ్ల రంగు, దీపావళి టపాసులు కూడా ఈ కోవలోవే. కౌంటర్లో ఉన్నాయన మీ పార్సిల్ తీసుకోకపోవడం న్యాయమే.

1898 నాటి పాత పోస్టాఫీసు చట్టంలో ప్రమాదకరమైన వస్తువులు పోస్టు చేస్తే ఏడాది దాకా జైలు శిక్ష ఉండేది. 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టంలో అలాంటి శిక్షల సెక్షన్లు లేవు. దాంతో ఇక భయం లేదనుకుంటున్నారు కొందరు. అది పొరపాటు. మనుషుల ప్రాణాలకు ముప్పు వచ్చేలా మండే వస్తువుల విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పైగా ప్రజల భద్రత కోసమో, చట్టం ఉల్లంఘన జరిగిందనో పార్సిల్‌ను ఆపి తెరిచే అధికారం కొత్త చట్టం 9వ సెక్షన్‌లో ఉంది. అప్పుడు మీరు రాసిన "బట్టలు" అనే మాటే మీకు ఎదురు సాక్ష్యం.

ఆవకాయకు నిషేధం లేదు. చిక్కంతా నూనెతోనే. ద్రవాలు, నూనెలకు పోస్టల్ నియమం రెండు పాత్రలు. మూత గట్టిగా బిగించిన డబ్బా ఒకటి, దాన్ని పెట్టే గట్టి పెట్టె ఇంకొకటి, మధ్య ఖాళీలో కారితే పీల్చుకునే రంపపు పొట్టో తవుడో. ఇంట్లో అయితే జాడీ వద్దు, ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అంచు దాకా నింపకండి. మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో కట్టి, చుట్టూ దూది గానీ పాత గుడ్డలు గానీ కుక్కండి. మీ ఊరగాయ నూనె కారి సంచిలో ఇంకెవరి సర్టిఫికెట్లయినా తడిస్తే, అవతలివాళ్లకు అది ఎంత నష్టమో ఆలోచించండి.

వెండి గ్లాసు విడిగా, ఇన్సూర్ చేసి పంపండి. బంగారం, వెండి వస్తువులను ఇన్సూర్ చేసే పంపాలన్నది పోస్టాఫీసులో ఏళ్ల నాటి నియమం. ఇన్సూర్ చేసే పార్సిల్‌కు లక్క సీలు వేసేటప్పుడు రూపాయి బిళ్లతో ముద్ర కొట్టకండి, అది చెల్లదు. మీకంటూ ఉన్న ముద్రే వాడాలి. విలువ ఉన్నదున్నట్టే రాయండి.

ఇక పరిహారం. ఇక్కడ ఆశ పెట్టుకోవద్దని చెప్పక తప్పదు. కొత్త చట్టం 10వ సెక్షన్ ప్రకారం నిబంధనల్లో ఒప్పుకున్నంత మేరకే పోస్టాఫీసుకు బాధ్యత. ఉద్యోగి మోసం చేశాడనో, కావాలనే పోగొట్టాడనో నిరూపిస్తే తప్ప అతని మీద దావా నిలవదు. పాత చట్టం కింద స్పీడ్ పోస్టు పార్సిల్ పోతే ఇచ్చేది, కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. ఇన్సూర్ చేయని వెండికి అంతకు మించి అడిగే దారి దాదాపు లేదు.

అందుకే పెట్టె మూసే ముందు లోపలి సామాను ఫోనులో ఫొటో తీసుకోండి. రసీదు పారేయకండి. డబ్బా చితికినట్టు కనిపిస్తే పోస్ట్‌మ్యాన్ ముందే ఫొటోలు తీసి, వెంటనే ఆ పోస్టాఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వమని మీ అబ్బాయికి చెప్పండి. వాళ్లు పట్టించుకోకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. గడువు రెండేళ్లు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా ఉండదు.