1950ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో ఒక్కరి గురించే చదవాలంటే ఎవరిని ఎంచుకోవాలి?

నేనైతే జానీ యునైటస్ పేరే చెబుతాను.

ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు బాల్టిమోర్ దగ్గర ఉన్నాను. క్రికెట్ తప్ప మరో ఆట పట్టని నాకు అతని గురించి చెప్పింది ఆఫీసులో పక్క సీటు పెద్దాయన. ఒకసారి స్టేడియానికి తీసుకువెళ్ళి, బయట ఉన్న యునైటస్ కంచు విగ్రహం బూటును చేత్తో తడిమాకే లోపలికి అడుగు పెట్టారు. అక్కడ చాలామందికి అది అలవాటు.

యునైటస్ 1933లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. అయిదేళ్ళ వయసులో తండ్రి పోతే తల్లి కష్టపడి పెంచింది. 1955లో సొంత ఊరి జట్టు స్టీలర్స్ అతన్ని ఎంపిక చేసుకుని, ఎన్‌ఎఫ్‌ఎల్ అనే అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక్క ఆటైనా ఆడించకుండానే ఇంటికి పంపేసింది. ఆ ఏడాది భవన నిర్మాణ పనికి వెళ్తూ, ఆటకు 6 డాలర్ల చొప్పున ఓ చిన్న జట్టుకు ఆడాడు. మరుసటి ఏడు బాల్టిమోర్ కోల్ట్స్ పిలిచింది. అతని పని చేత్తో బంతిని తోటి ఆటగాళ్ళకు విసరడం. అక్కడ అతని మొదటి విసురు ప్రత్యర్థి చేతిలో పడి వాళ్ళకే పాయింట్లు తెచ్చిపెట్టింది!

ఇక 1958 డిసెంబరు 28. న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జెయింట్స్ జట్టుతో లీగ్ ఫైనల్. ఆట ముగియడానికి రెండు నిమిషాలైనా లేవు, కోల్ట్స్ 17–14తో వెనకబడి ఉంది. అప్పట్లో ఎత్తుగడ ఎంచుకునేది కోచ్ కాదు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాకే. యునైటస్ వరసగా మూడుసార్లు తోటి ఆటగాడు రేమండ్ బెర్రీకే విసిరి జట్టును 62 గజాలు ముందుకు తెచ్చాడు. ఏడు సెకన్లు మిగిలుండగా స్కోరు సమమైంది. అదనపు సమయంలో జట్టును 80 గజాలు నడిపించి 23–17తో గెలిపించాడు. టీవీలో ఈ ఆటకు ఆదరణ పెరగడానికి ఆ మ్యాచే పెద్ద కారణమంటారు. పెద్దాయన అప్పటికి బడిపిల్లవాడు. ఆ మూడు విసుర్లనూ వేలితో బల్లమీద గీసి చూపించేవారు.

వరసగా 47 ఆటల్లో టచ్‌డౌన్ పాస్ (ప్రత్యర్థి గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చే విసురు) విసిరిన అతని రికార్డు 2012 దాకా నిలిచింది. నన్ను వదలనిది మాత్రం అతని కుడిచెయ్యి. ఆటలో తగిలిన దెబ్బల వల్ల చివరి రోజుల్లో ఆ చేత్తో చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేవాడు. గోల్ఫ్ ఆడాలంటే ఎడమచేత్తో ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా కర్ర చుట్టూ మడిచి పట్టీతో బిగించుకునేవాడు. వైకల్య భత్యం అడిగితే లీగ్ ఇవ్వలేదు. ఇది చెప్పేటప్పుడు పెద్దాయన గొంతు అన్నేళ్ళ తర్వాత కూడా వణికేది. యునైటస్ 2002లో పోయాడు. విగ్రహంలో ఆ చెయ్యి బంతిని పట్టుకుని, విసరడానికి వెనక్కి లేచి ఉంటుంది.