మూలాల మొత్తంలో ఆ మైనస్ ఎక్కడిది?

ఏఎక్స్² + బిఎక్స్ + సి = 0 అనే వర్గ సమీకరణానికి మూలాల (దాన్ని నిజం చేసే ఎక్స్ విలువల) మొత్తం మైనస్ బి బై ఏ, లబ్ధం సి బై ఏ అని బట్టీ పట్టినా పరీక్షలో గుర్తులు తారుమారవుతున్నాయని, అసలు సమీకరణం సాధించేస్తే సరిపోదా అని అడిగావు తమ్ముడూ. నేను అనంతపురంలో టెన్త్, ఇంటర్ పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెబుతుంటాను. సగం మందిది ఇదే గొడవ.

బట్టీ వద్దు. మూలాలు ఆల్ఫా, బీటా అయితే సమీకరణం (ఎక్స్ − ఆల్ఫా)(ఎక్స్ − బీటా) = 0 అవుతుంది కదా. ఒక్కసారి నీ చేత్తో గుణించు:

ఎక్స్² − (ఆల్ఫా + బీటా)ఎక్స్ + ఆల్ఫా×బీటా = 0

చివర రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అయ్యాయి, మధ్యలో ఒక్కటే ఉంది కాబట్టి మైనస్ అలాగే నిలిచింది. ఎక్స్² ముందు ఏ ఉంటే అన్నిటినీ ఏతో భాగిస్తాం, 'బై ఏ' వచ్చింది అందుకే. రేపు ఇంటర్లో ఘన సమీకరణం వచ్చినా ఇదే పని: మైనస్, ప్లస్, మైనస్. ఈ సూత్రాలను ఫ్రెంచి గణితవేత్త వియెట్ (1540–1603) పేరుతో పిలుస్తారు. ఆయన వృత్తికి లాయరు!

ఇక సాధించేస్తే సరిపోదా అంటే, 3ఎక్స్² − 7ఎక్స్ + 1 = 0 తీసుకో. సాధిస్తే 37 వర్గమూలం మెడకు చుట్టుకుంటుంది. మూలాల వర్గాల మొత్తం అడిగితే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. మొత్తం 7/3, లబ్ధం 1/3. మొత్తం వర్గంలోంచి రెండు లబ్ధాలు తీసేస్తే 49/9 − 6/9 = 43/9. మూలాల విలోమాల మొత్తమైతే ఇంకా సులువు, మొత్తాన్ని లబ్ధంతో భాగిస్తే 7. ఆల్ఫా, బీటాలను అటూ ఇటూ మార్చినా విలువ మారని ప్రశ్న ఏదైనా ఈ దారిలోనే తేలుతుంది. ఆల్ఫా మైనస్ బీటా అలాంటిది కాదు, మారిస్తే గుర్తు తిరగబడుతుంది. అక్కడ ముందు దాని వర్గం కనుక్కోవాలి: మొత్తం వర్గం మైనస్ నాలుగు లబ్ధాలు.

పల్లెల నుంచి వచ్చే పిల్లలకు నేను కళ్లం లెక్క ఇస్తాను. శనక్కాయలు ఆరబోసే దీర్ఘచతురస్రపు కళ్లం, చుట్టుకొలత 100 మీటర్లు, వైశాల్యం 600 చదరపు మీటర్లు. పొడవు, వెడల్పు కలిపితే 50, గుణిస్తే 600. ఎక్స్² − 50ఎక్స్ + 600 = 0, అంటే 30, 20. తర్వాత వైశాల్యాన్ని 700 చేసి ఇస్తాను. గబగబా కారణాంకాలు వెతుకుతారు, దొరకవు. 50 వర్గం 2500, నాలుగు లబ్ధాలు 2800. తీసివేస్తే వచ్చే మూలాల తేడా వర్గం రుణ సంఖ్య, కాబట్టి వాస్తవ మూలాలే లేవు. 100 మీటర్ల చుట్టుకొలతతో దీర్ఘచతురస్రం ఎలా గీసినా 625 దాటదు, అదీ 25, 25 చతురస్రం అయితేనే.