ఈస్ట్ ఆంగ్లియాలో వైద్య పరిశోధన కేంబ్రిడ్జ్‌కే పరిమితమా?

ఇంగ్లండ్ తూర్పున నార్ఫోక్, సఫోక్, కేంబ్రిడ్జ్‌షైర్ కలిసిన ఈస్ట్ ఆంగ్లియాలో, పీహెచ్‌డీకి కేంబ్రిడ్జ్ తప్ప వైద్య పరిశోధనలో చెప్పుకోదగ్గ చోటు ఉందా అని అడిగారు. కేంబ్రిడ్జ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక ప్రయోగశాలలో కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఉంది, నార్ఫోక్‌లోని నార్విచ్ నగరాన్ని తప్పక పరిశీలించండి.

ముందు కేంబ్రిడ్జ్ సంగతి. జాన్ అడెన్‌బ్రూక్ అనే వైద్యుడు 1719లో చనిపోతూ వీలునామాలో విడిచిన సొమ్ముతో, పేదల కోసం 1766లో తెరిచిన ఆసుపత్రే నేటి అడెన్‌బ్రూక్స్. యూరప్‌లో తొలి కాలేయ మార్పిడి 1968లో సర్జన్ రాయ్ కాన్ చేతుల మీదుగా అక్కడే జరిగింది. ఆ ఆవరణలోనే 1962లో వెలసిన మాలిక్యులర్ బయాలజీ లేబొరేటరీలో కోహ్లర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు 1975లో మోనోక్లోనల్ యాంటీబాడీలను (ఒకే లక్ష్యాన్ని గుర్తించి అంటుకునే, అన్నీ ఒకేలా ఉండే ప్రతిరక్షకాలను) తయారుచేసే పద్ధతి కనుగొన్నారు. క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ నేడు హైదరాబాద్‌లో ఇస్తున్న ఎన్నో ఇంజెక్షన్లకు మూలం అదే.

అయితే నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది రోగికీ ప్రయోగశాలకూ మధ్య దూరం లేకపోవడం. సమ్మతి పత్రం చదివి సంతకం చేసిన రోగి నుంచి ఆపరేషన్ థియేటర్‌లో తీసిన కణజాలపు ముక్కను ఐస్ పెట్టెలో పెట్టుకుని ఒకరు నడిచి వచ్చేవారు. కణాలు బతికి ఉండగానే అది మా బల్ల మీదికి చేరేది. దాన్ని ఇచ్చిన మనిషి పక్క భవనంలో మత్తు నుంచి తేరుకుంటున్నారన్న ఎరుక మా చేతుల్ని జాగ్రత్తగా కదిలించేది. 1979లో బ్రిటన్‌లో తొలిసారి గుండె మార్పిడిని విజయవంతంగా చేసిన పాప్‌వర్త్ ఆసుపత్రి కూడా 2019లో ఈ ఆవరణకే తరలివచ్చింది.

ఇక నార్విచ్. అక్కడి నార్ఫోక్ అండ్ నార్విచ్ ఆసుపత్రి 1771 నాటిది. ఆ ప్రాంతంలో మూత్రాశయంలో రాళ్ల జబ్బు ఎక్కువ కావడంతో, సర్జన్లు తాము తీసిన రాళ్లను పారేయకుండా రోగుల వివరాలతో సహా భద్రపరిచారు. రోగి వివరాలను ఓపికగా దాచుకునే ఆ అలవాటు నాకు ఎంతో గౌరవనీయంగా తోస్తుంది. 1993–97 మధ్య ఇదే నార్ఫోక్‌లో, 40 నుంచి 79 ఏళ్ల వయసున్న 25 వేల మందికి పైగా స్త్రీపురుషులు ఎపిక్-నార్ఫోక్ అధ్యయనంలో చేరారు. ఏడు రోజుల పాటు తిన్నదీ తాగినదీ డైరీలో రాసి ఇచ్చారు. ఆహారానికీ క్యాన్సర్‌కూ, గుండె జబ్బులకూ ఉన్న సంబంధాన్ని తేల్చడానికి ఆ సమాచారం చాలా కాలంగా ఉపయోగపడుతోంది.

అందువల్ల అవయవ మార్పిడి, రోగనిరోధక శాస్త్రం మీ అంశాలైతే కేంబ్రిడ్జ్‌కే దరఖాస్తు చేయండి. ఆహారం, పేగుల్లోని సూక్ష్మజీవులు మీకు ఇష్టమైన విషయాలైతే మాత్రం మొదట నార్విచ్‌లోని క్వాడ్రమ్ ఇన్‌స్టిట్యూట్‌కు రాయండి. ఆసుపత్రివారి ఎండోస్కోపీ విభాగం ఆ పరిశోధకులు పనిచేసే భవనంలోనే ఉంది.