పోడు చేలో ప్లాంటేషన్ గోతులు తవ్వితే ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక కొండ ఊరు. మేం కొండదొరలం. మా తాత నాటి నుంచి మూడెకరాల పోడు చేస్తున్నాం. పట్టా మాత్రం ఎకరం ఇరవై సెంట్లకే వచ్చింది. మిగతా చెక్కలో జీడిమామిడి, సామలు ఉన్నాయి. మొన్న అటవీ సిబ్బంది ప్లాంటేషన్ అంటూ అందులో గోతులు తవ్వించారు. అడ్డొస్తే కేసు పెడతామన్నారు. మా ఊరి పైకొండ బోడిగా అయిపోయి గెడ్డ ఎండిపోతోంది. అక్కడ మొక్కలు వేస్తామంటే మేమే కావడితో నీళ్లు మోస్తాం. మా చేనే ఎందుకు?

జవాబు: ముందు ఒక్క మాట. ఆ గోతులు పూడ్చకండి. మొక్కలు నాటేసినా పీకకండి. పీకిన రోజున మీ భూమి తగవు కాస్తా అటవీ కేసు అయిపోతుంది. ఆ తర్వాత మీ హక్కు సంగతి ఎవరూ అడగరు, పీకారా లేదా అనే అడుగుతారు. ఫోన్‌తో ఫొటోలు తీయండి. గొయ్యి, పక్కనే మీ జీడిచెట్టు ఒకే ఫొటోలో పడాలి.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి గిరిజన కుటుంబం సాగులో ఉన్న భూమికి హక్కు ఇవ్వాలి. గరిష్ఠ పరిమితి 4 హెక్టార్లు, అంటే దాదాపు పదెకరాలు. ఆ లోపు ఎంత సాగులో ఉంటే అంతా ఇవ్వాల్సిందే. మనిషికి ఇంతే అని కత్తిరించే అధికారం ఎవరికీ లేదు. పరిశీలన పూర్తయ్యేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5) చెబుతోంది.

కాబట్టి మీ మిగతా ఎకరం ఎనభై సెంట్ల మీద పరిశీలన ముగిసిందా అన్నదే తేలాలి. విస్తీర్ణం తగ్గిస్తే ఎందుకు తగ్గించారో రాసి మీకు ఇవ్వాలి. మీ ఉత్తరంలో అలాంటి కాగితం మాటే లేదు. సబ్ కలెక్టర్ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి గ్రామసభ తీర్మానం, సర్వే స్కెచ్, హక్కు దరఖాస్తులు పరిశీలించే సబ్ డివిజన్ కమిటీ నిర్ణయం నకళ్లు అడగండి. ఆ కమిటీ తగ్గించి ఉంటే 60 రోజుల్లో జిల్లా కమిటీకి అప్పీలు చేసుకోవాలి. గడువు నిర్ణయం జరిగిన రోజు నుంచి అని చట్టంలో ఉంది కనుక ఆలస్యమైందని అవతలివారు అంటారు. కాగితమే అందని మనిషి అప్పీలు ఎలా వేస్తాడన్నది మన జవాబు. ఇది నిలబడే వాదనే, కానీ ఇంకో నెల జారిపోనివ్వకండి. జిల్లా కమిటీలోనూ న్యాయం జరగకపోతే హైకోర్టులో రిట్ వేయాలి.

సాక్ష్యం గురించి భయపడకండి. నేను చూసిన ఒక క్లెయిములో ఉపగ్రహ చిత్రంలో అంతా పచ్చగా ఉంది, అడవే, సాగు లేదని రాసేశారు. వెళ్లి చూస్తే ఆ పచ్చదనమంతా జీడిమామిడి. చెట్ల కింద మోకాలెత్తు రాతికట్టు, నాచు పట్టి ఉంది. ఆ కట్టు ఎవరెవరు పేర్చారో పక్క ఊరి ముసలాయన పేర్లతో సహా చెప్పాడు. ఆయన మాట రాసుకుని వేలిముద్ర వేయించాం. కట్టలు, చదును చేసిన నేల, క్లెయిందారు కాని పెద్దల వాంగ్మూలం అన్నీ చెల్లే సాక్ష్యాలే. ఉపగ్రహ చిత్రం వాటికి తోడుగా పనికొస్తుందే తప్ప వాటి స్థానంలో రాదని 2012లో సవరించిన నియమాలే చెబుతున్నాయి.

ఇక పైకొండ. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఈ మాటే. సామాజిక అటవీ వనరును, అంటే ఊరంతా కలిసి వాడుకుంటూ వస్తున్న అడవిని కాపాడుకుని, మళ్లీ పెంచుకుని, నిర్వహించుకునే హక్కు సెక్షన్ 3(1)(ఐ) కింద మీ గ్రామసభదే. ఫారం 'సి'లో క్లెయిం వేయాలి. ఏజెన్సీలో గ్రామసభ అంటే పంచాయతీ మొత్తం కాదు, మీ ఊరి సభ. సగం మందికి తక్కువ కాకుండా రావాలి, వచ్చినవారిలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఈ లెక్క తప్పితే తీర్మానం చెల్లదంటారు, సంతకాలు దగ్గరుండి చేయించండి.

అటవీ శాఖ ఊళ్లో పెట్టించిన వన సంరక్షణ సమితి ఉందిగా అని మీతో అనవచ్చు. అది ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టింది, ఇది చట్టం ఇచ్చిన హక్కు. తేడా అడవి ఫలసాయం దగ్గర తెలుస్తుంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా ఊరు 2009లో ఈ హక్కు తెచ్చుకుంది, 2011 నుంచి తన వెదురు తానే అమ్ముకుంది. చింత, ఉసిరి, కరక, అడ్డాకు, వెదురు ఏది పెంచాలో మీ సభే నిర్ణయించవచ్చు, వాటి ఫలసాయం మీదే. కలప మాత్రం ఇందులోకి రాదు. నన్నడిగితే నీలగిరి వద్దనండి. ఆకు తినడానికీ కాయ అమ్ముకోవడానికీ పనికిరాని చెట్టును ఏ ఊరూ కాపలా కాయదు.

తవ్విన గోతులు ఏ పథకం కిందివో కూడా రాతపూర్వకంగా అడగండి. ప్రత్యామ్నాయ అటవీకరణ నిధులైతే (వేరే పనులకు పోయిన అడవికి బదులు మొక్కలు పెంచడానికి ఇచ్చే డబ్బు) గ్రామసభనో వన సంరక్షణ సమితినో సంప్రదించి, అటవీ హక్కుల చట్టానికి లోబడి పని చేయాలి. సమితి అధ్యక్షుడి సంతకం ఒక్కటి పెట్టించుకుని సంప్రదించాం అనడం మామూలే. ఎవరు, ఎప్పుడు సంతకం చేశారో చూడండి.

గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, ఫీజుకు అప్పు చేయకండి. తీర్మానం రాసేటప్పుడు హద్దులు మీరు పిలుచుకునే పేర్లతోనే రాయండి. ఏ గెడ్డ, ఏ బండ, ఏ చింతచెట్టు అన్నది ముందు రావాలి. అటవీ శాఖ వేసుకున్న కంపార్ట్‌మెంటు నంబరు తర్వాత చేర్చుకోవచ్చు.